పాఠకుల ప్రశ్నలు: ‘మొబైలోడు’ ఆటగాడు కాదా?

ప్రశ్న: నేను హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది ములుగు దగ్గర పల్లె. ఇక్కడ కిషన్‌పురలో నలుగురం కలిసి గది అద్దెకు తీసుకున్నాం. రెండేళ్లుగా బీజీఎంఐ (పబ్జీకి మన దేశపు రూపం, ఫోన్‌లో ఆడే కాల్పుల ఆట) ఆడుతున్నాను. నా ఫోన్ పదకొండు వేల రూపాయలది, ఒక మూల అద్దం పగిలింది. గదిలో ఒకరికి గేమింగ్ కంప్యూటర్ ఉంది, ఇంకొకరికి ఖరీదైన ఫోన్ ఉంది. నన్ను ‘మొబైలోడు’ అని, ‘బాట్’ అని పిలుస్తారు. మొన్న వాళ్ల స్నేహితులు వచ్చినప్పుడు “వీడు గేమర్ కాదన్నా, టైంపాస్‌గాడు” అని పరిచయం చేశారు. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. క్రౌన్ ర్యాంకు దాకా వెళ్లినవాణ్ని టైంపాస్ ఎట్లా అంటారు? ఇంటికి వెళ్తే మా అక్క క్యాండీ క్రష్‌లో నాలుగు వేల లెవెల్ దాటానని చూపిస్తుంది. అది కూడా ఒక ఆటేనా అని నాకే నవ్వొస్తుంది. అసలు గేమర్ అని ఎవరిని అనాలి? ఆ పేరు ఇచ్చేది ఎవరు?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది మీ అక్క గురించి రాసిన వాక్యం కోసం; ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు ‘బాట్’ అనే మాట చూద్దాం. బీజీఎంఐలో కింది మెట్లలో జరిగే ఆటల్లో మనుషులు సరిపోనప్పుడు కంప్యూటరే నడిపే బొమ్మలను దించుతారు. అవి ఆరుబయట నిలబడి దిక్కులు చూస్తాయి, తుపాకీ పేల్చినా గురి ఉండదు. వాటి పేరే బాట్. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ దాటి క్రౌన్‌కు చేరినవాణ్ని ఆ పేరుతో పిలవడం వర్ణన కిందికి రాదు, అది వట్టి వెక్కిరింతే. మీ పైన ఏస్ ఉంది, అన్నిటికంటే పైన 500 మందికే చోటున్న కాంకరర్ ఉంది కాబట్టి మీరు మహా ఆటగాడని నేను అనను. పై మెట్లు ఇంకా మిగిలి ఉన్న మంచి ఆటగాడు అంటాను. మీ మిత్రులు ఏ మెట్టు మీద ఉన్నారో మీరు రాయలేదు. అడిగి చూశారా?

ఇక ‘మొబైలోడు’. ఫోన్ బాగాలేదని మీరు అంటే ‘ఆడలేక మద్దెల ఓడు’ అని వాళ్లు అనవచ్చు. కానీ మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలు ఉంటాయి, ఎంత ఓడో లెక్కగట్టి చెప్పవచ్చు కూడా. మీ ఫోన్ సెకనుకు 30 చిత్రాలు చూపిస్తుందనుకుందాం. ఒక్కో చిత్రం తెర మీద 33 మిల్లీసెకన్లు ఉంటుంది. సెకనుకు 90 చూపించే ఫోన్‌లో 11 మిల్లీసెకన్లకే చిత్రం మారుతుంది. అంటే గోడ చాటు నుంచి ఎదుటివాడు తల బయటపెట్టిన సంగతి మీకు సెకనులో నలభై ఐదో వంతు దాకా ఆలస్యంగా తెలియవచ్చు. ఎదురెదురు కాల్పుల్లో అది చిన్న తేడా కాదు. చవక ఫోన్లు చాలావాటిలో, ఫోన్ వంపును పసిగట్టే గైరోస్కోప్ ఉండదు. అది ఉన్నవాళ్లు ఫోన్‌ను కాస్త వంచి తుపాకీ ఎగిరిపడకుండా ఆపుతుంటే, లేనివాళ్లు అదే పనిని బొటనవేలితో కిందికి లాగుతూ చేయాలి. మే నెలలో మన హనుమకొండ ఎండకు రేకుల గదిలో ఫోన్ కాలిపోతుంటే, వేడిని తట్టుకోవడానికి అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇన్ని అవరోధాలతో మీరు చేరిన క్రౌన్, ఏసీ గదిలో కూర్చొని చేరిన క్రౌన్ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ఇద్దరి బొటనవేళ్లను అడిగితే మాత్రం వేరే సమాధానం వస్తుంది.

వస్తువుల మధ్య తేడా ఉందని ఆట తయారుచేసేవారికీ తెలుసు. పబ్జీ మొబైల్‌ను ఎమ్యులేటర్ (ఫోన్ ఆటను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకొని కంప్యూటర్‌లో ఆడేవారిని గుర్తుపట్టి, వారికి తమవంటివారితోనే పోటీ ఏర్పాటు చేశారు. మౌస్ పట్టినవాడికి, వేలితో ఆడేవాడికి ముఖాముఖి పెడితే న్యాయం కాదని. వాళ్లు తేడాను గుర్తించి ఆటను సరిచేశారు. మీ గదిలో అదే తేడాను గుర్తించి మనిషికి పేరు పెట్టారు.

కంప్యూటర్ ఉన్నవారి గర్వానికి ఒక చిన్న చరిత్ర ఉంది. 2008లో బెన్ క్రోషా అనే విమర్శకుడు ఒక ఆటను సమీక్షిస్తూ, కంప్యూటర్ మీద ఆడేవారి అతిశయాన్ని వెక్కిరించడానికి నాజీల జాత్యహంకార పదజాలం నుంచి ఒక మాట తెచ్చి వాళ్లను ‘పీసీ మాస్టర్ రేస్’ (కంప్యూటర్ ఆటగాళ్ల శ్రేష్ఠ జాతి) అన్నాడు. తిట్టినట్టు అన్న ఆ మాటను కంప్యూటర్ ఆటగాళ్లే ఎత్తుకొని, బిరుదులా తగిలించుకున్నారు. మీ మిత్రుడు ఎప్పుడైనా ఆ మాట వాడితే ఈ సంగతి చెప్పండి. మన దేశం విషయానికి వస్తే, పబ్జీ 2017లో కంప్యూటర్ ఆటగానే మొదలైనా ఇక్కడ ఊరూరా పాకింది మరుసటి ఏడాది ఫోన్‌లోకి వచ్చాకే. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించడం, 2021 జూలైలో బీజీఎంఐగా తిరిగి రావడం మీకు తెలిసినవే. 2022లో స్టార్ స్పోర్ట్స్ చానెల్ వీడియో గేమ్ పోటీలను ప్రసారం చేసినప్పుడు, అక్కడ మైదానంలా నిలిచింది ఫోన్ మీద ఆడే ఈ ఆటే.

నా సొంత అనుభవం ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ విషయంలో నేను కూడా ముద్దాయినే. తొంభైల చివర్లో హనుమకొండలో మా వీధి మలుపులో ఒక టీవీ గేమ్‌ల దుకాణం ఉండేది. రెండు చిన్న టీవీలు, పసుపు క్యాసెట్‌లు, అరగంటకు ఐదు రూపాయలు. కాంట్రా ఆటలో మూడు ప్రాణాలే ఇస్తారు. ఆట మొదట్లో పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, తర్వాత బి, ఎ అని మీటలు వరుసగా నొక్కితే ముప్పై ప్రాణాలు వచ్చేవి. ఆ మీటల వరుస తెలిసిన మేం నలుగురం దాన్ని వాడకుండా ఆడటమే మగతనమని, వాడేవాళ్లది ‘తొండి ఆట’ అని ప్రకటించుకున్నాం. ఎండాకాలం సెలవులకు మేనత్త ఇంటికి వచ్చిన ఒక పిల్లవాడు, పదేళ్లుంటాయేమో, ముప్పై ప్రాణాలు పెట్టుకొని ఆడుతుంటే వెనక నిలబడి వాడు చచ్చిన ప్రతిసారీ గట్టిగా లెక్కపెట్టాం. ఇరవై రెండు దగ్గర వాడు రిమోట్ కింద పెట్టి, మిగిలిన పది నిమిషాలు వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాలు మేమే ఆడుకున్నాం.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది ఏమిటంటే, ఆ మీటల వరుసను సృష్టించినవాడు కొనామీ సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోతో. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంట్లో ఆడుకునే యంత్రానికి మారుస్తున్నప్పుడు, సరిచూడటానికి మొదటి నుంచి చివరి దాకా ఆడాల్సి వచ్చి, అది తనకే మరీ కష్టంగా ఉందని ఆయన ఈ అడ్డదారి పెట్టుకున్నాడు. ఆట తయారుచేసినవాడికే అవసరమైన చేతికర్రను పదేళ్ల పిల్లవాడి చేతిలో చూసి మేం తొండి అన్నాం.

ఆ దుకాణం బయట, అదే వీధిలో, మాకు వేరే పద్ధతి ఉండేదని తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. దొంగాటలో గానీ, కబడ్డీలో గానీ ఎవరి చెల్లెలో, తమ్ముడో నేనూ ఆడతానని ఏడిస్తే ‘ఆటలో అరటిపండు’ అని చేర్చుకునేవాళ్లం. వాడు దొరికినా దొంగ కాడు, ఔటైనా ఔటు కాదు, కానీ అందరితో పాటు పరుగెత్తుతాడు. అది కూడా ఒక ముద్రే, అందులోనూ చిన్నచూపు లేకపోలేదు. కాకపోతే ఆ ముద్ర వేసింది వాణ్ని ఆటలో ఉంచడానికి. పైగా దానికి గడువు ఉండేది. వచ్చే దసరాకల్లా వాడే ఎవరినో అరటిపండును చేసేవాడు. మీ గదిలో పెట్టిన ‘మొబైలోడు’ అనే పేరుకు గడువు ఏది? మీరు ఎంత బాగా ఆడినా అది పోదు, ముప్పై వేలు పెట్టి ఫోన్ కొంటేనే పోతుంది. ఏ ముద్ర గురించైనా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: దీని నుంచి బయటపడే దారి ఆటలో ఉందా, అంగట్లో ఉందా? ఆటలో యూసీ (డబ్బిచ్చి కొనే ఆట నాణేలు) పెట్టి కొన్న దుస్తులు లేవని నవ్వేవాళ్లు కూడా ఈ రెండో రకంవాళ్లే. ఆ దుస్తులకు తూటా ఆగదని వాళ్లకూ తెలుసు.

దారి ఆటలోనే ఉన్న కొలత ఎలా ఉంటుందో చూడాలంటే మనం దూరం వెళ్లనక్కరలేదు. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో చదరంగం రేటింగ్ 2800 దాటాడు. ఆ అంకె గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది, ఆడినవాడి పావులు చెక్కవా ప్లాస్టిక్‌వా అని అడగదు. అలాగని చదరంగంవాళ్లకు డాంబికం లేదనుకోకండి. ఐదు నిమిషాల బ్లిట్జ్ ఆడేవారిని చూసి ‘ఇదేం చదరంగం’ అని ముఖం చిట్లించే పెద్దలు అక్కడ చాలామంది ఉన్నారు. 2025లో రియాద్‌లో జరిగిన ఈ-స్పోర్ట్స్ (వీడియో గేమ్ పోటీల) ప్రపంచ కప్‌లో చదరంగాన్ని చేర్చి, ఆటగాళ్లను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టినప్పుడు, అర్జున్ అక్కడా ఆడాడు. ఆయనను ఇప్పుడు గేమర్ అనాలా, చదరంగ క్రీడాకారుడు అనాలా అని మీ మిత్రులను అడిగి, ఏం చెబుతారో నాకు రాయండి.

ఇక మీ అక్క సంగతి. గురివింద గింజ సామెత మీకు తెలిసే ఉంటుంది కాబట్టి చెప్పను. రంగు బిళ్లలు కలిపే ఆటలను, ముక్కలు పేర్చే ఆటలను ‘క్యాజువల్’ అని ఒక మూలకు నెట్టడం మీ గదిలోనే కాదు, ప్రపంచమంతటా ఉంది. ఆ కుటుంబంలో అందరికంటే పెద్దది టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేశాడు. 1989లో వచ్చిన నింటెండో టెట్రిస్‌ను ఏ మనిషీ ఆట ఆగిపోయేదాకా ఆడలేకపోయాడు. 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల అబ్బాయి 157వ లెవెల్‌లో, ఇక ముందుకు పోలేక ఆటే స్తంభించిపోయేదాకా ఆడి చూపించాడు. ముప్పై నాలుగేళ్లు పట్టిన ఆ పనిని టైంపాస్ అనడానికి నాకు నోరు రాదు. మీ అక్క నాలుగు వేల లెవెళ్లను ఎప్పుడు ఆడిందో ఊహించి చూడండి: పొయ్యి మీద కూర ఉడికే లోపల, పిల్లలు పడుకున్న తర్వాత, ములుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు. మీకు ఉన్నట్టు వరుసగా రెండు గంటలు ఆమెకు ఎవరిచ్చారు? ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్ తీసుకొని ఆ నాలుగు వేల పైచిలుకు లెవెల్ ఒకటి ఆడి చూడండి. ఐదు ప్రాణాలూ అయిపోయాక మళ్లీ ఉత్తరం రాయండి.

మీ మిత్రులకూ అదే మందు. గొడవ పెట్టుకోవద్దు. ఒక ఆదివారం మీ పగిలిన ఫోన్ వాళ్లకిచ్చి, వాళ్ల ఫోన్ మీరు తీసుకొని మూడు ఆటలు ఆడండి. గేమర్ అనే పేరు ఎవరిస్తారని అడిగారు. ఇవ్వడానికి ఎవరి దగ్గరా లేదు. ఆడేవాళ్లందరూ గేమర్లే, బాగా ఆడేవాళ్లు, ఒక మోస్తరుగా ఆడేవాళ్లు అనే తేడా ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: నేను జగిత్యాల జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని, వయసు ముప్పై ఆరు. రాత్రి పని ముగిశాక ఒక గంట బీజీఎంఐ ఆడటం నాకు అలవాటు. మైక్ ఆన్ చేసి మాట్లాడితే చాలు, “అన్న అకౌంటా?”, “ఆంటీ, వంట అయిందా?” అంటారు. నేనే ఆడుతున్నానంటే పరీక్ష పెడతారు: ఫలానా తుపాకీకి ఏ తూటాలు, ఫలానా చోటు ఏ మ్యాప్‌లో ఉంది అని. ఇప్పుడు మైక్ ఆపేసి ఆడుతున్నాను. ఇది ఓడిపోవడం కాదా?
– పేరు రాయవద్దన్నారు

జవాబు: అమ్మా, పరీక్షలు పెట్టడం మీ వృత్తి కాబట్టి ఒక విషయం మీకు నాకంటే బాగా తెలుసు: ఒకే తరగతిలో కొందరికి మాత్రమే పెట్టే పరీక్షను పరీక్ష అనరు. ఎం416కు 5.56, ఏకేఎంకు 7.62 తూటాలని మీరు ఠక్కున చెప్పినా వాళ్లు రెండో ప్రశ్న వేస్తారు, ఎందుకంటే మీరు తప్పేదాకా అడగడమే అక్కడ ఉద్దేశం. అదే జట్టులోకి గొంతు ఇంకా మారని ఆరో తరగతి పిల్లవాడు వస్తే అతన్ని ఎవరూ తూటాల లెక్క అడగరు. జవాబు చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు.

వాళ్లకు తెలియని చరిత్ర మాత్రం మీరు తెలుసుకొని ఉంచుకోండి, వాదించడానికి కాదు, మీ ధైర్యానికి. 1980లో ప్యాక్‌మ్యాన్ తయారుచేసిన తొరు ఇవతని, అప్పటి ఆటశాలల్లో అన్నీ కాల్పుల ఆటలే ఉండి మగపిల్లలతో నిండిపోయాయని, ఆడవాళ్లు కూడా రావాలనే తినే ఆటను ఆలోచించానని చెప్పుకున్నాడు. అదే ఏడాది రాబర్టా విలియమ్స్ తన భర్తతో కలిసి మిస్టరీ హౌస్ తెచ్చింది. మాటలతోనే సాగే సాహస కథల ఆటలకు బొమ్మలు తోడైంది దానితోనే. 1982లో వచ్చిన రివర్ రైడ్‌ను రూపొందించింది క్యారల్ షా అనే మహిళ. నది మీద విమానం నడుపుతూ కాల్చే ఆట అది. కాల్పుల ఆటలు ఆడవాళ్లకు ఎందుకని మీతో అంటున్న కుర్రవాళ్ల తండ్రులు కూడా అప్పటికి బడి ఈడు పిల్లలే.

మైక్ ఆపడం ఓటమి అని నేను అనుకోను. బస్సులో పక్క సీటువాడు వాగుతుంటే కిటికీ వైపు తిరుగుతాం, అది కూడా అంతే. కాకపోతే ఈ ఆటలో మాట్లాడకుండా నలుగురు కలిసి ఆడటం కష్టం, శత్రువు ఏ దిక్కున ఉన్నాడో చెప్పలేకపోతే మీ జట్టు నష్టపోతుంది, అందువల్ల మీ ఆట కూడా తగ్గుతుంది. ‘ఆడవాళ్లకు ఆట రాదు’ అనే మాట కొంతవరకు ఇలాగే నిజమైనట్టు కనిపిస్తుంది. ముందు నోరు మూయించి, తర్వాత జట్టుకు పనికిరాలేదంటారు. కాబట్టి మీ మైక్ ఆపకండి, వాగేవాడి గొంతును మీ వైపు మ్యూట్ చేయండి, ఆట ముగిశాక రిపోర్ట్ కొట్టండి. జట్టులో కావలసింది నలుగురే. మీ బడిలోనో, పాత బ్యాచ్‌లోనో ఇంకో ముగ్గురు దొరికితే తెలియనివారితో కలవాల్సిన అవసరమే రాదు. మీ సహోపాధ్యాయినుల్లో ఒకరిద్దరు ఇప్పటికే ఎవరికీ చెప్పకుండా ఆడుతుంటారని నా అనుమానం. మీరూ నాకు పేరు లేకుండానే కదా రాశారు.

ప్రశ్న: నేను గోదావరిఖనిలో సింగరేణి కార్మికుణ్ని. ఇంటర్ చదివే మా అబ్బాయి ఏం ఆడుతున్నాడో చూద్దామని ఒక ఆదివారం వాడి ఫోన్ తీసుకొని ఆడాను. నిమిషంలో చచ్చాను. “నువ్వు నూబ్ బాపూ” అని నవ్వాడు. మా బామ్మర్ది అది బూతుమాట అన్నాడు, గేమింగ్ అంటే జూదమే అని కూడా అన్నాడు. నిజమేనా?
– ఒక తండ్రి, గోదావరిఖని

జవాబు: బూతు కాదు. కొత్తగా వచ్చినవాణ్ని ఇంగ్లిషులో న్యూబీ అంటారు, అది కుదించుకుపోయి నూబ్ అయింది. మీ గనిలో బదిలీ వర్కర్ అనే మాట లాంటిదనుకోండి. నిర్ణీత మస్టర్లు (హాజరు దినాలు) నిండితే ఆ పేరు పోయి జనరల్ మజ్దూర్ అవుతారు. ఆ పేరుతో పిలిచారని ఎవరూ బాధపడరు. మస్టర్లు నిండాక కూడా పిలిస్తే అప్పుడు గొడవ. మీవాడు నవ్వుతూ అన్నాడంటే మిమ్మల్ని ఆటలో చేర్చుకున్నట్టే. అదే మాటను వాడు ఎవరినైనా ఏడిపించడానికి రోజూ వాడుతున్నాడా అనేది మాత్రం పక్కన కూర్చొని ఒకసారి వినండి.

జూదం సంగతి వేరు, ఆ ముద్రను తేలికగా తీసుకోకూడదు. డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను, డబ్బు పందెం ఆటలను మూడుగా విడదీసి, మూడోవాటిని దేశమంతటా నిషేధించింది. బీజీఎంఐ వంటి ఆటలో ఓడితే మెట్టు తగ్గుతుంది, పందెం సొమ్ము పోదు. దుస్తులకని డబ్బు పెట్టి ఉంటే అది ఖర్చు, అంతవరకు లెక్క అడగండి. మీ బామ్మర్దికి ఈ తేడా వివరించండి, ఆయన ఫోన్‌లో రమ్మీ లేదని కూడా పనిలో పనిగా చూసుకోండి.

నిమిషంలో చచ్చానని రాశారు. ప్యారాచూట్ విప్పి ఇళ్ల గుంపు మధ్యలో దిగి ఉంటారు, కొత్తవాళ్లందరూ అక్కడే దిగుతారు. వచ్చే ఆదివారం ఊరికి దూరంగా ఉన్న ఒంటరి ఇంటి దగ్గర దింపమని మీ అబ్బాయిని అడగండి. దిగగానే తుపాకీ తర్వాత హెల్మెట్ వెతుక్కోండి. ఆ అలవాటు మీకు ఎలాగూ ఉంది.